కొంప మునుగుతుంది, గృహం మునగదు

అమెరికాలో ఎమ్మెస్‌కి దరఖాస్తు పెట్టే విద్యార్థి ఒకడు, తన గురించి రాసుకునే వ్యాసంలో తండ్రి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలనుకున్నాడనుకుందాం. చిన్న జీతంతోనే ఇద్దరు పిల్లల్ని చదివించిన మనిషి ఆయన. పొదుపరి అనాలి. జీఆర్ఈ కోసం బట్టీపట్టిన జాబితాలో థ్రిఫ్టీ, ఫ్రూగల్, పార్సిమోనియస్ ఒకే వరసలో ఉన్నాయి. వాటిలో బరువుగా వినిపించేది చివరిది కాబట్టి 'మా నాన్న పార్సిమోనియస్' అని రాసేశాడు. చదివే ప్రొఫెసరుకి అక్కడ పొదుపరి కనిపించడు, ఎంగిలి చేత్తో కాకిని తోలని పీనాసి కనిపిస్తాడు. జాబితా అబద్ధమేమీ చెప్పలేదు. మూడు మాటలూ డబ్బు ఆచితూచి ఖర్చుపెట్టడం గురించినవే. కాకపోతే మొదటి రెండూ మెచ్చుకోలు, మూడోది ఎత్తిపొడుపు. ఆ తేడా చెప్పాల్సిన చోట జాబితాలో ఒక కామా ఉంది, అంతే.

ఇంగ్లిష్‌లో పెద్ద మాటలు నేర్చుకోవాలనుకునే మన విద్యార్థులకు మాట, అర్థం, పర్యాయపదం, వ్యతిరేకపదం అని నాలుగు గళ్లు గీసి ఇవ్వడం ఆనవాయితీ అయిపోయింది. ఆ నాలుగు గళ్లూ మాటకు చిరునామా చెబుతాయి తప్ప మాటతో పరిచయం చెయ్యవు. ఆ పరిచయం ఎలా కలుగుతుందో తెలుసుకోవడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు, మన తెలుగునే చూడొచ్చు. ఇల్లు, గృహం, సదనం, కొంప పర్యాయపదాలని ఆరో తరగతి పిల్లాడైనా చెబుతాడు. కానీ శుభలేఖ మీద 'గృహప్రవేశం' అని అచ్చువేయిస్తాం, 'కొంప ప్రవేశం' అని వేయించం. అప్పులపాలైతే కొంప మునుగుతుంది, గృహం మునగదు. తలనొప్పికి మాత్ర వేసుకుంటాం, శిరస్సు వంచి నమస్కరిస్తాం, ముద్దుచేసిన పిల్లాణ్ని నెత్తికెక్కించుకుంటాం, లెక్క తప్పితే బుర్ర లేదంటాం. వీటిని మనకు ఎవరూ పట్టిక గీసి నేర్పలేదు. ఏ మాట ఏ మాట పక్కన కూర్చుంటుందో వేలసార్లు విని పట్టుకున్నాం. లాహోర్‌లో ఇంగ్లిష్ బోధించి వెళ్లిన బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్ 1957లో చెప్పిన సిద్ధాంతం కూడా ఇదే: మాటను దాని సావాసాన్ని బట్టే గుర్తించాలి.

ఇంగ్లిష్‌లో ఒకే అర్థానికి ఇన్ని మాటలు ఎందుకున్నాయో తెలిస్తే వాటి మర్యాదలు కూడా తెలుస్తాయి. 1066లో ఫ్రాన్స్ తీరం నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించాక, కొన్ని తరాలపాటు కోటలో ఫ్రెంచి, పొలంలో ఇంగ్లిష్ నడిచాయి. చర్చికి, చదువుకు లాటిన్ ఉండనే ఉంది. దాంతో భాష మూడంతస్తుల మేడ అయింది. 'ఆస్క్' కింది అంతస్తులోని పాత ఇంగ్లిష్ మాట, 'క్వశ్చన్' ఫ్రెంచి నుంచి వచ్చింది, 'ఇంటరాగేట్' లాటిన్ మాట. దారి తెలియనివాడు ఆస్క్ చేస్తాడు, లాయరు సాక్షిని క్వశ్చన్ చేస్తాడు, పోలీసు ఇంటరాగేట్ చేస్తాడు. ఇది మనకు కొత్తేమీ కాదు. మనకూ దేశ్యం, తద్భవం, తత్సమం ఉన్నాయి. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అమ్మ అడుగుతుంది, ప్రశ్నించదు. బంధువుల్ని భోజనానికి పిలుస్తాం, తిండికి పిలవం. నిత్యం ఇలాంటి మేడలోనే తిరిగే తెలుగు విద్యార్థికి ఇంగ్లిష్ మేడ ఎక్కడం కష్టం కాకూడదు. మెట్లు ఒకేలా ఉన్నాయని చెప్పేవాళ్లే తక్కువ.

పర్యాయపదాల పుస్తకాలకు పెద్దదిక్కు పీటర్ మార్క్ రోజె రాసిన 'థెసారస్'. వృత్తిరీత్యా వైద్యుడైన రోజె తన 73వ ఏట, 1852లో దాన్ని అచ్చువేయించాడు. నిఘంటువు మాటకు అర్థం చెబితే, ఆయన పుస్తకం అర్థం చేతపట్టుకుని వచ్చినవాడికి మాటలు చూపిస్తుంది. అంటే, భాష వచ్చీ సమయానికి మాట తట్టనివాడి కోసం రాసిన పుస్తకం అది. అందులోని పది మాటలూ అతనికి ముందే తెలుసు. చూడగానే తనకు కావలసింది ఏరుకుంటాడు. కొత్తగా నేర్చుకునేవాడికి ఆ పదీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఏరుకోలేడు, చీటీ తీసినట్టు ఒకటి లాగుతాడు. విచిత్రమేమిటంటే అదే 1852లో మద్రాసులో సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు వెలువడింది. బ్రౌన్ మాటకు అర్థం రాసి ఊరుకోలేదు, జనం నోట్లోనూ కావ్యాల్లోనూ ఆ మాట ఎలా నడిచిందో ఉదాహరణలిచ్చాడు. పరాయి భాష నేర్చుకుని నిఘంటువు కట్టినవాడికి తెలిసిన కిటుకు అది. నేర్చుకునేవాడు చూడాల్సింది వాడుకనే.

అర్థం రాసుకోవడంలోనూ ఒక చిక్కుంది. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి నిఘంటువులో 'నెట్‌వర్క్' అనే మాటకిచ్చిన వివరణ అసలు మాటకన్నా కఠినమని రెండున్నర శతాబ్దాలుగా నవ్వుకుంటూనే ఉన్నారు. ఇంగ్లిష్ పరాయిభాష అయినవాళ్ల కోసం తయారైన నిఘంటువులు ఈ లోపాన్ని సరిదిద్దాయి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు సుమారు 2,000 తేలిక మాటలతోనే వివరణలన్నీ రాసింది. 1987లో వచ్చిన కోబిల్డ్ ఒక్కో అర్థాన్నీ నిండు వాక్యంగా చెప్పింది. మాట అర్థంతో పాటు దాని నడక కూడా అందులోనే కనిపిస్తుంది. మరి తెలుగు అర్థం రాసుకోవడం తప్పా? కాదు. కొత్త మాటను మనసులోకి త్వరగా లాక్కొచ్చేది అదే. అయితే దాని పని గుమ్మం దాటించడం వరకే. ట్రస్ట్, బిలీఫ్, ఫెయిత్, కాన్ఫిడెన్స్ నాలుగింటి ఎదురుగా 'నమ్మకం' అని రాసుకున్నవాడు నాలుగు మాటలు నేర్చుకోలేదు, ఒకే మాటను నాలుగుసార్లు రాసుకున్నాడు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలు పిల్లల చేతుల్లో ఉన్నాయి. ఒకే వాక్యం రెండు భాషల్లో ఎలా నడిచిందో పోల్చి చూపించడానికి ఉపాధ్యాయుడికి అంతకన్నా మంచి సాధనం ఏముంటుంది?

వ్యతిరేకపదాలది మరో కథ. 'పచ్చి'కి వ్యతిరేకపదం ఏమిటని అడిగితే ఏం చెబుతాం? పచ్చిమిరపకాయకు ఎదురు ఎండుమిరపకాయ. పచ్చి మామిడికాయకు మాగిన పండు. పచ్చి కూరకు ఉడికిన కూర. ఇక పచ్చి అబద్ధానికి ఎదురు వెతికితే పచ్చి నిజం తగులుతుంది, అక్కడ 'పచ్చి' కదలనే కదలదు. అంటే వ్యతిరేకత మాటలో లేదు, ఆ మాట చేసుకున్న జతలో ఉంది. ఇంగ్లిష్ 'ఫ్రెష్' కూడా అంతే. ఫ్రెష్ బ్రెడ్‌కు ఎదురు స్టేల్, ఫ్రెష్ వాటర్‌కు ఎదురు సాల్ట్, ఫ్రెష్ కూరగాయలకు ఎదురు ఫ్రోజెన్. పైగా వ్యతిరేకాలన్నీ ఒక రకం కావు. అలైవ్, డెడ్ మధ్య మూడో స్థితి లేదు. హాట్, కోల్డ్ మధ్య గోరువెచ్చన ఉంది కాబట్టి, నాట్ హాట్ అన్నంత మాత్రాన కోల్డ్ అయిపోదు. బై, సెల్ ఒకే బేరానికి రెండు కొసలు. ఈ తేడాలన్నిటినీ ఒకే గడిలో కుక్కితే పిల్లాడికి మిగిలేది జంటల జాబితా, పరీక్ష హాల్లో తికమక.

ఆ తికమక ఊహించి చెబుతున్నది కాదు, పరిశోధకులు ప్రయోగాలు చేసి చూపించింది. అర్థంలో దగ్గరి సంబంధమున్న కొత్త మాటల్ని గుంపుగా ఒకేసారి నేర్పితే, సంబంధం లేని మాటలకన్నా ఎక్కువ శ్రమ పడుతుందని 1993లో థామస్ టింకమ్, ఆ తర్వాత 1997లో రాబ్ వేరింగ్ గమనించారు. కవలపిల్లల్ని ఇద్దరినీ ఒకేరోజు పరిచయం చేస్తే ఎవరు ఎవరో కొన్నాళ్లు తేలదు. ముందు ఒకరితో చనువు పెరిగాక రెండోవారిని చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. మాటలూ అంతే. ఫ్రూగల్ బాగా అలవాటయ్యాకే పార్సిమోనియస్ రావాలి. ఇక జ్ఞాపకం సంగతి. నేర్చుకున్నది మొదటి గంటల్లోనే వేగంగా జారిపోతుందని, విడతలవారీగా మళ్లీ చూస్తే నిలుస్తుందని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే తనమీద తానే ప్రయోగాలు చేసుకుని చెప్పాడు. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం తర్వాత చూస్తే, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకున్నవాళ్లే ముందున్నారు. జాబితాను వందసార్లు వల్లించినవాడికి 'వచ్చేసింది' అనిపించేది ఆ అయిదు నిమిషాల సంబరమే.

'ఇదంతా వినడానికి బాగుంది, పరీక్షలో సినానిమ్, ఆంటనిమ్ అడుగుతున్నారు కదా' అని హైదరాబాదు అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకునే అభ్యర్థి అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పెట్టే పరీక్షల వంటివాటిలో అవి ఇప్పటికీ ఉన్నాయి. ఆరువారాల్లో పరీక్ష ఉన్నవాణ్ని నవలలు చదవమనడం దాహమేసినప్పుడు బావి తవ్వమనడమే. గుర్తుపట్టడం మాత్రమే కావలసినప్పుడు జాబితా కొంతవరకు పనిచేస్తుంది. అయినా పరీక్షలు నడుస్తున్న దిక్కు కూడా చూడాలి. అమెరికా శాట్ పరీక్ష 1994లోనే వ్యతిరేకపదాల ప్రశ్నలు తీసేసింది. 2011 ఆగస్టులో జీఆర్ఈ కూడా వాటిని ఎత్తేసి, వాక్యంలో ఖాళీకి తగిన మాట ఎంచే ప్రశ్నలు పెంచింది. మన పోటీ పరీక్షల్లో పేరాలోని ఖాళీలు పూరించమనే క్లోజ్ టెస్ట్ కూడా మాటను దాని చుట్టుపక్కల మాటలతో కలిపే పరీక్షిస్తుంది. వాక్యంతో నేర్చుకున్నవాడు రెండు రకాల ప్రశ్నలకూ జవాబు రాయగలడు, జాబితాతో నేర్చుకున్నవాడు ఒక రకానికే.

రెండో ఆక్షేపణ పెద్దవాళ్ల నుంచి వస్తుంది. మన పూర్వులు అమరకోశం బట్టీపట్టే కదా పండితులయ్యారు అంటారు. నిజమే, అమరసింహుడి కోశం కూడా విషయాలవారీగా కూర్చిన పర్యాయపదాల గ్రంథమే. అయితే ఆ చదువు కోశంతో ఆగలేదు. వెంటనే రఘువంశం, మేఘసందేశం పట్టేవారు. వల్లెవేసిన మాట కావ్యంలో అడుగడుగునా ఎదురై ప్రాణం పోసుకునేది. కోశం తాళంచెవుల గుత్తి అయితే కావ్యం ఇల్లు. ఇప్పటి పద్ధతి గుత్తి చేతికిచ్చి ఇల్లు చూపించడం మానేసింది. ఆ చదువులోనే మరో పాఠమూ ఉంది. ఆహారం, విహారం, సంహారం, పరిహారం ఒకే ధాతువు నుంచి వచ్చాయని తెలిస్తే వాటిని గుర్తుపెట్టుకోవడం తేలిక. అలాగని ఆహారం తెలిసినవాడు సంహారం అర్థాన్ని ఊహించలేడు. ఇన్‌స్పెక్ట్, రెస్పెక్ట్, సస్పెక్ట్ చూపించి 'మూలం తెలిస్తే అన్నీ వచ్చేస్తాయి' అనే మాటను కూడా అంతవరకే నమ్మాలి.

ఇంతకీ ఏ మాటలు ముందు? వార్తాపత్రికలు, నవలలు ఎవరి సాయం లేకుండా చదవడానికి 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు కావాలని భాషావేత్త పాల్ నేషన్ 2006లో లెక్కకట్టాడు. డిసైడ్, డెసిషన్, డెసిసివ్ కలిస్తే ఒక కుటుంబం. రోజుకు పది చొప్పున, ఒక్కటీ మరవకుండా నేర్చినా రెండేళ్లకు పైనే పడుతుంది. కాబట్టి వరస ముఖ్యం. మొదట నిత్యం వాడే 2,000. తర్వాత 2000 సంవత్సరంలో ఎవరిల్ కాక్స్‌హెడ్ కూర్చిన 570 పదకుటుంబాలు. అజ్యూమ్, డిరైవ్, సిగ్నిఫికెంట్ వంటి ఈ మాటలు కాలేజీ పుస్తకాల్లో దాదాపు పదోవంతు ఆక్రమిస్తాయి. వీటిని సరిగా వాడటం రానివాడు లుగూబ్రియస్ వంటి అరుదైన మాటతో వాక్యానికి నగ పెడితే, చినిగిన చొక్కా మీద బంగారు గొలుసులా ఉంటుంది.

ఒక తెల్లాయన 'వేర్' అంటే కట్టుకోవడం అని తెలుగు నేర్చుకుని, 'కళ్లజోడు కట్టుకున్నాను' అన్నాడనుకోండి, నవ్వొస్తుంది. చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, చెప్పులు వేసుకుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం. అదేవిధంగా తప్పయినా, నేరమైనా, పనైనా మనకు 'చేయడమే'. ఇంగ్లిష్‌లో తప్పు 'మేక్', నేరం 'కమిట్', పని 'డూ'. మనం అవి తారుమారు చేసినప్పుడు వాళ్లకూ అలాగే వినిపిస్తుంది. అందుకే నోటుపుస్తకంలో గళ్లు మార్చండి. మాట, అది కనిపించిన వాక్యం, దాని పక్కన తరచూ కూర్చునే రెండు మాటలు, అది మెచ్చుకోలో తిట్టో చెప్పే ఒక్క తెలుగు మాట, చివరగా మీరు సొంతంగా రాసిన వాక్యం. మర్నాడు, వారానికి, నెలకు ఓసారి పుస్తకం మూసి గుర్తుతెచ్చుకోండి. పర్యాయపదాన్ని ఆఖర్న, అదీ తేడా రాయగలిగినప్పుడే చేర్చండి. రోజుకు ముప్ఫై మాటల బదులు అయిదే వస్తాయి, కానీ ఆ అయిదూ ఉంటాయి. ముందుగా ఈ రాత్రికి, మీ పాత జాబితాలో పార్సిమోనియస్ ఎక్కడుందో వెతికి, దాని పక్కన 'పీనాసి' అని రాసుకోండి.