టీవీలో సినిమా రివ్యూ అంటే ఏమిటి?

పోయిన నెల గోడపత్రికలో పదో తరగతి అక్క వానపాముల గురించి రాసింది. చాలా బాగుండాది. ఈ నెల నన్ను రాయమన్నారు. నాకు సైన్సు అంత బాగా రాదు. అందుకని టీవీలో వారానికి ఒకసారి కొత్త సినిమాల మీద వచ్చే కార్యక్రమాల గురించి రాస్తున్నాను. సినిమా అంటే అందరూ చదువుతారని కాదు. దీని వెనక మా ఇంట్లో జరిగిన ఒక సంగతి ఉంది. మొదట అది చెప్తాను.

పోయిన సంక్రాంతి సెలవులకు నేను ఇంటికి పోయినాను. మాది నారాయణవనం పక్కన కాలనీ. మేము ఎరుకలోళ్ళం. మా నాయన వెదురు దబ్బలు చీల్చి గంపలు, చేటలు అల్లుతాడు. ఒక గంప అమ్మితే 150 రూపాయలు వస్తుంది. ఆ ఆదివారం పక్కింట్లో టీవీ చూస్తా ఉంటే ఒక ఛానల్‌లో కొత్త సినిమాల కార్యక్రమం వచ్చింది. యాంకరమ్మ, హీరో, హీరోయిన్ ముగ్గురూ సోఫాలో కూర్చొని నవ్వుతా మాట్లాడినారు. కుటుంబమంతా కలిసి చూడదగ్గ సినిమా అని యాంకరమ్మ నాలుగుసార్లు చెప్పింది. మా తమ్ముడు ఒకటే ఏడుపు. సరే, బిడ్డలు హాస్టల్లో ఉంటారు, ఏడాదికి ఒకసారన్నా తీసుకొని పోదామని నాయన అందరినీ పుత్తూరుకు తీసుకొని పోయినాడు. నాయన, అమ్మ, అవ్వ, నేను, తమ్ముడు. టికెట్లు, ఆటో, తమ్ముడికి పాప్‌కార్న్ అంతా కలిపి 900 రూపాయలు అయింది. అంటే ఆరు గంపలు.

ఇంటర్వెల్ ముందు ఒక హాస్యనటుడు ఎరుకలసాని వేషం వేసుకొని వచ్చినాడు. చంకలో బుట్ట, చేతిలో కర్ర. వంకర వంకరగా మాట్లాడతా ఎరుక చెప్పి హీరో పర్సు కొట్టేస్తాడు. హాలంతా ఒకటే నవ్వు. మా వెనక వరుసలో ఎవరో ఒక మాట అన్నారు, అది ఇక్కడ రాయను. మా అవ్వ చిన్నప్పటి నుంచి మొన్న మొన్నటి దాకా ఊరూరా తిరిగి ఎరుక చెప్పిన మనిషి. కొంగు మూతికి అడ్డం పెట్టుకొని కూర్చొనింది. తమ్ముడు మాత్రం నవ్వినాడు, వాడికి ఏడేళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. చాలాసేపటికి అవ్వ అనింది, "అమ్మోరి బుట్టను కింద పారేసి గెంతులేస్తారా యాడన్నా? బుట్ట పట్టుకొనేదే తెల్దు వాడికి" అని. అంతే.

సెలవులు అయిపోయి వచ్చినాక మన తెలుగు సారుకు ఈ సంగతి చెప్పినాను. టీవీలో అట్ల అబద్ధం చెప్పవచ్చునా సార్ అని అడిగినాను. సారు, "అది రివ్యూ కాదమ్మా, ప్రచారం. నువ్వు రెండూ ఒకటే అనుకున్నావు" అన్నారు. అప్పటి నుంచి సారును, ఇంగ్లీషు మేడంను అడిగి, లైబ్రరీలో, కంప్యూటరు ల్యాబులో చూసి తెలుసుకున్నవి రాస్తున్నాను.

రివ్యూ అంటే తెలుగులో సమీక్ష, విమర్శ అంటారు. విమర్శ అంటే తిట్టడం అనుకుంటాం కదా. అది కాదంట. బాగున్నది బాగుందని, బాగా లేనిది ఎందుకు బాగా లేదో చెప్పడం విమర్శ. చెప్పే మనిషికి ఆ సినిమాతో డబ్బు సంబంధం ఉండకూడదు. సినిమా వాళ్ళే డబ్బులిచ్చి చెప్పిస్తే, లేక హీరోను పక్కన కూర్చోబెట్టుకొని చెప్తే, అది ప్రచారం. సంతలో వంకాయలమ్మే ఆమె తన వంకాయలు లేతవి అని చెప్పడం తప్పు కాదు. కానీ కొనేవాళ్ళు పక్కనామెను అడుగుతారు కదా. ఆ పక్కనామె రివ్యూ.

టీవీలో రివ్యూలు ఎప్పుడు మొదలైనాయి అంటే, ఇంగ్లండులో బీబీసీ వాళ్ళు 1971లో ఒక కార్యక్రమం పెట్టినారు. దాని పేరు ఫిల్మ్ 71. మరుసటి ఏడాది ఫిల్మ్ 72. ఇట్ల ఏడాది మారితే పేరు మారుతుంది, మన తరగతి మారినట్లు. బారీ నార్మన్ అనే ఆయన 1972 నుంచి 1998 వరకు దానిని నడిపినారు. ఆ కార్యక్రమం 2018లో ఆగిపోయింది.

అమెరికాలో షికాగో ఊరిలో 1975లో ఇంకొకటి మొదలయింది. ఇది నాకు చాలా నచ్చింది. ఆ ఊరిలో రెండు పేపర్లు ఉన్నాయి. ఒక పేపరులో సినిమాల గురించి రాసే ఆయన జీన్ సిస్కెల్, ఇంకొక పేపరులో రాసే ఆయన రోజర్ ఈబర్ట్. రెండు పేపర్లకూ పోటీ. అట్లాంటి ఇద్దరిని తెచ్చి ఒకేచోట కూర్చోబెట్టినారు! ఒకాయన సన్నగా, బట్టతల. ఇంకొకాయన లావుగా, కళ్ళద్దాలు. సినిమా ముక్క ఒకటి చూపించడం, ఇద్దరూ దాని మీద వాదులాడుకోవడం. ఒక్కోసారి నిజంగానే కోపం వచ్చేదంట. చివర్లో నచ్చితే బొటనవేలు పైకి, నచ్చకపోతే కిందికి చూపించేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లలో బొటనవేలు బొమ్మ కొడతారు కదా, సినిమాలకు ఆ వేలితో తీర్పు చెప్పడం అందరికీ అలవాటు చేసింది వీళ్ళిద్దరే. (పక్కన వేళ్ళ బొమ్మ వేసింది మా క్లాసు అమ్మాయి. వేలు కొంచెం ములక్కాయ మాదిరి వచ్చింది, ఏమీ అనుకోవద్దు.) ఈబర్ట్ గారికి 1975లో పులిట్జర్ బహుమతి వచ్చింది. సినిమా విమర్శకు ఆ బహుమతి రావడం అదే మొదలు. సిస్కెల్ గారు 1999లో చనిపోయినారు. ఈబర్ట్ గారికి క్యాన్సరు జబ్బు వచ్చి 2006లో మాట పోయింది. అయినా రాస్తానే ఉన్నారు, 2013లో చనిపోయే దాకా. మాట పోయినా రాయవచ్చు అనే సంగతి నేను చాలాసేపు ఆలోచించినాను.

ఇద్దరు ఎందుకు అంటే, ఒక్కరే చెప్తే మనం దాన్ని తీర్పు అనుకుంటాం. ఇద్దరు చెరొక మాట చెప్తే మనం కూడా ఆలోచించాలి.

ఇంక మన దగ్గర. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలయింది. అప్పుడు టీవీలో సినిమా అంటే పాటలు. చిత్రలహరి అని వారానికి ఒక రోజు సినిమా పాటలు వేసేవాళ్ళంట. టీవీ ఉన్న ఇంటికి ఊరంతా పోయేదని మన వంట అక్క చెప్పింది. పాటలు వేశారు గానీ సినిమా మంచిదా చెడ్డదా అని చెప్పేవాళ్ళు తక్కువ, అది పత్రికల్లో రాసేవాళ్ళు. ఈ దూరదర్శన్ తెలుగు ఛానల్‌కు సప్తగిరి అని మన తిరుమల ఏడు కొండల పేరే పెట్టినారు. తమిళంలో సన్ టీవీ 1993 ఏప్రిల్ 14న వచ్చింది. తెలుగులో జెమిని, ఈటీవీ రెండూ 1995లో వచ్చినాయి. సన్ టీవీలో తిరై విమర్శనం అని కొత్త సినిమాల మీద కార్యక్రమం వచ్చేది. తిరై అంటే తెర. ఆదివారం పొద్దున పది సినిమాలను వరుసగా పెట్టి, ఏది ఎన్నో నంబరో చెప్పే కార్యక్రమం కూడా ఉండేది. మన చిత్తూరు పక్క, నగరి పక్క తమిళం తెలిసినవాళ్ళు ఎక్కువ కదా, అటు వాళ్ళ ఇండ్లలో తమిళ ఛానళ్ళు కూడా చూస్తారు.

ఇట్లాంటి కార్యక్రమానికి ఒక చిక్కు ఉంది. సినిమా గురించి చెప్పాలంటే సినిమా ముక్కలు చూపించాలి. ఆ ముక్కలు సినిమా తీసినవాళ్ళే ఇవ్వాలి. సినిమా బాగా లేదని ఈ వారం చెప్తే వచ్చే వారం ముక్కలు ఇవ్వరేమో అని భయం. పైగా ఆ సినిమానే రేపు అదే ఛానల్ కొనుక్కొని పండగకు వేయాల. ఇంకా సినిమా వాళ్ళు ఇచ్చే ప్రకటనలు. ఇన్ని ఉంటే గట్టిగా ఎట్ల చెప్తారు? అందుకే మెల్లగా రివ్యూలు తగ్గి, సోఫాలో కూర్చొని నవ్వేవి ఎక్కువైనాయని సారు అన్నారు. ఇంకొక కారణం ఫోను. సినిమా శుక్రవారం వస్తుంది. టీవీలో ఆదివారం చెప్పే లోపల ఫోన్లో శుక్రవారం పొద్దున్నే అయిదుకు ఇన్ని మార్కులు అని వచ్చేస్తాయి. ఆదివారం దాకా ఎవరు ఆగుతారు? అయితే ఫోన్లో చెప్పేవాళ్ళలో కూడా డబ్బులు తీసుకొని చెప్పేవాళ్ళు ఉంటారు, కాబట్టి ఫోను అంటే నిజం అనుకోవద్దు.

సరే, డబ్బులు తీసుకోని మంచి రివ్యూ అయినా అన్నీ చెప్తుందా? నాకు ఇదే ముఖ్యమైన ప్రశ్న. పుష్ప సినిమా 2021 డిసెంబరు 17న వచ్చింది. కథ మన శేషాచలం ఎర్రచందనం మీద. (తీసింది మాత్రం చాలా వరకు మారేడుమిల్లి అడవిలో.) అందరూ చిత్తూరు యాస బాగుందని చెప్పినారు. మన మాటకు విలువ వచ్చిందని నాకు సంతోషం. ఇంతకు ముందు మన యాసలో మాట్లాడితే నవ్వేవాళ్ళు కదా. ఆ సినిమాకే అల్లు అర్జున్ గారికి జాతీయ ఉత్తమ నటుడు బహుమతి 2023లో ప్రకటించినారు, తెలుగు నటులలో మొదటిసారి. అయితే అదే శేషాచలంలో 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయినారు. తమిళనాడు నుంచి చెట్లు కొట్టే కూలికి వచ్చినవాళ్ళు. వాళ్ళలో గిరిజనులు ఉన్నారు. సారు చెప్పేదాకా నాకు ఇది తెలియదు. నేను చూసిన రివ్యూలలో ఫైట్లు, పాటలు, డ్యాన్సుల గురించి చెప్పినారు గానీ ఆ దుంగలు నిజంగా మోసేది ఎవరు అని ఒక్కరూ అడగలేదు.

జై భీమ్ అని ఇంకొక సినిమా, 2021 నవంబరు 2న ఫోన్లో, టీవీలో చూసేటట్లు వచ్చింది. తమిళంలో తీసినారు, తెలుగులో కూడా ఉంది. పోలీసులు దొంగతనం అంటగట్టి గిరిజనుణ్ణి కొట్టి చంపుతారు, ఆయన భార్య కోసం చంద్రు అనే వకీలు కోర్టులో పోరాడతాడు. ఇది 1993లో తమిళనాడులో నిజంగా జరిగింది. సినిమాలో వాళ్ళను ఇరులవాళ్ళుగా చూపించినారు. నిజంగా చనిపోయినాయన కురవ కులం. కురవ అంటే మన ఎరుకలోళ్ళకు దగ్గర చుట్టరికం. మా అవ్వ ఇంట్లో మాట్లాడే కుర్రు భాష తమిళానికి దగ్గరగా ఉండేది అందుకే. సినిమా చాలా మంచిది, నేను ఏడ్చినాను. కానీ మావాళ్ళ పేరు అందులో లేదని చెప్పే రివ్యూ నాకు ఒక్కటీ కనిపించలేదు.

దొంగ అనే మాట మాకు ఊరికే రాలేదు. తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం పెట్టినారు. 1911లో అది మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చి ఎరుకలోళ్ళను అందులో చేర్చినారు. పుట్టిన బిడ్డ కూడా దొంగ కిందే లెక్క. 1952లో ఆ చట్టం తీసేసినారు. చట్టం పోయింది గానీ సినిమాల్లో బుట్ట పట్టుకొని వస్తే పర్సు కొట్టేయాల్సిందే. టైగర్ నాగేశ్వరరావు సినిమా 2023 అక్టోబరు 20న విడుదలయింది. దానికి ముందే ఆ టీజరు ఎరుకలోళ్ళను, స్టూవర్టుపురాన్ని కించపరిచేటట్లు ఉందని హైకోర్టులో పిటిషను వేసినారు. అట్ల కోర్టు దాకా పోయేవాళ్ళు ఎందరు ఉంటారు? మా నాయన అయితే పోలేడు. ఆ రోజు మధ్యలో లేచి బయటికి కూడా రాలేదు, టికెట్టు డబ్బులు పోతాయని.

నారాయణవనంలో పద్మావతమ్మకు ఎరుక చెప్పడానికి సాక్షాత్తు శ్రీనివాసుడే ఎరుకలసాని వేషంలో వచ్చినాడని స్థలపురాణం. అది మా ఊరి పక్కనే. ఈ మాట నేను ఆ యాంకరమ్మకు చెప్పాలి అనుకుంటాను.

ఇవన్నీ విని మన వార్డెన్ మేడం ఒక మాట ఒప్పుకున్నారు. ఏ సినిమా పెట్టాలని కొట్లాడుకుంటే పోయిన నెల టీవీ బంద్ చేసినారు కదా. ఇప్పుడు నెలకు రెండు సినిమాలు పెడతారు. సినిమా అయిపోయినాక పది నిమిషాలు రివ్యూ చెప్పాలి. ఇద్దరు అమ్మాయిలు, వేరు వేరు తరగతుల వాళ్ళు, వీలైతే ఒకరంటే ఒకరికి పడనివాళ్ళు. కథ అంతా చెప్పేయకూడదు. హీరో బాగున్నాడు అని చెప్పి కూర్చోకూడదు, ఎందుకో చెప్పాల. మన యానాదులు, ఎరుకలోళ్ళు, సుగాలీలు, నక్కలోళ్ళు సినిమాలో ఉంటే ఎట్ల చూపించినారో తప్పకుండా చెప్పాల. లేకపోతే లేరు అని చెప్పాల. మార్కులు అయిదుకు వేద్దాం అని ఎనిమిదో తరగతి వాళ్ళు అంటాండారు. నేను మాత్రం గంపల్లో చెప్తాను. ఆరు గంపలు పెట్టి చూడవచ్చునా, రెండు గంపలకు మించదా, ఒక్క చేట కూడా దండగా అని.

పేర్లు ఇవ్వాలనుకునేవాళ్ళు చీటీ రాసి డైనింగ్ హాలు కిటికీ దగ్గర ఉన్న బిస్కెట్ డబ్బాలో శుక్రవారం లోపల వేయాల. తరగతి రాయడం మరిచిపోవద్దు. రెండో ఆదివారం అందరి ఇండ్ల వాళ్ళు వస్తారు కదా, ఆ రోజు మా అవ్వ వస్తుంది. సినిమా చూపించి ఆమెను కూడా కూర్చోబెడతాం. ఆమెకు చదువు రాదు, కానీ బుట్ట ఎట్ల పట్టుకోవాలో ఆమెకు తెలుసు.