వాద్యకుని పై చదువు

కచేరీలు చేసి పేరు గడించిన విద్వాంసుడు మరల శిష్యుడై కూర్చుండవలెనా? వాద్యసంగీతమున పై చదువు అక్కడనే ఆరంభమగునని మేము తలంచుచున్నాము.

వాడరేవు తీరమునకు చేరువనున్న చీరాల నుండి ఒంగోలు పోవు రైలుమార్గములో కరవది అను ఊరు వచ్చును. షేక్ చినమౌలానాగారు 1924లో అచటి నాదస్వర విద్వాంసుల కుటుంబమున జన్మించిరి. తండ్రి కాసిం సాహెబుగారి వద్ద తొలి పాఠములు, చిలకలూరిపేట ఆదం సాహెబుగారి వద్ద తరువాతి శిక్షణ పొందిరి. మన సీమలో వాయించుటకు అది చాలియుండును. ఆయన అంతటితో తృప్తిచెందక, నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణు గార్ల యొద్ద తంజావూరు బాణీని అభ్యసించిరి.

సముద్రముల కావల జాజ్ సంగీతమునందును ఇట్టిదే జరిగినది. అమెరికాలోని లెనాక్స్‌లో 1957 నుండి 1960 వరకు పియానో విద్వాంసుడు జాన్ లూయిస్ ఆధ్వర్యమున ఒక వేసవి పాఠశాల నడచెను. శాక్సఫోను వాద్యకుడు ఆర్నెట్ కోల్‌మన్, అప్పటికే తన రికార్డులు వెలువడియున్నను, 1959లో అందు విద్యార్థిగా చేరెను.

ఈ అవసరమేల కలిగెను? ఈ రెండు కళలందును వాయించువాడే అప్పటికప్పుడు రచయిత యగును. జాజ్ వాద్యకుడు పాటలోని స్వరమేళముల వరుసపై కొత్త వరుసలు అల్లును. మన విద్వాంసుడు రాగమును ఆలాపించి, తాళమునకు కట్టుబడి స్వరకల్పన చేయును. ఒకే బాణీ విన్నవాని కల్పన ఆ బాణీ హద్దులోనే తిరుగుచుండును. రెండవ గురువు ఆ హద్దును విస్తరింపజేయును.

బోధన మూడవ మెట్టు. నాదస్వరమునకు మీటలుండవు, గమకమును ఊపిరి బిగువుతో, పెదవులతో, వ్రేళ్లతో సాధింపవలెను. తనకు అలవాటుగా పలుకునది శిష్యునకు ఏల పలుకలేదో కనిపెట్టి చెప్పుట వేరొక విద్య. చినమౌలానాగారు 1982లో శ్రీరంగమున శారదా నాదస్వర సంగీత ఆశ్రమమును స్థాపించి ఆ పని చేపట్టిరి. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభాని, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించెను.

మన పల్లెలలో ఈ విద్య తండ్రి నుండి కుమారునకు సంక్రమించుచు వచ్చినది. పెండ్లిపందిరికి చాలినంతే నేర్పినచో తరతరమునకు అది తరుగును. కనుక ఇంట పాఠము ముగిసిన బాలుని మరియొక గురువు వద్దకు పంపుటకు ఊరివారు తోడ్పడవలెను. ఆ వ్యయము ఒక్క కుటుంబము మోయదగినది కాదు.