స్తంభము – కొలత – చిత్రము

దేవాలయమునకు పోయినపుడు మండపములోని స్తంభములను చూడనివారు మనలో నుండరు. కాని స్తంభమునకు ఇంత లావు, ఇంత యెత్తు ఉండుటకు ఒక లెక్క కలదని యోచించువారు అరుదు. ఆ లెక్క గ్రంథములలో నున్నను చాలకాలము చదువరులకు అందలేదు. దానిని మరల వెలుగులోనికి తెచ్చినది చిత్రలేఖనము. ఈ కథ మొదట ఇటలీదేశమునను, తరువాత మన దక్షిణదేశమునను జరిగినది.

క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున విట్రూవియస్ అను రోము వాస్తుశిల్పి, గృహనిర్మాణమును గూర్చి పది భాగముల గ్రంథము రచించెను. ఆ గ్రంథము నిలిచినది గాని, దానిలోని పటములు నశించినవి. మాట మిగిలి పటము పోయినందున, పదునైదవ శతాబ్దపు పండితులకు అతడు చెప్పినది పలుచోట్ల బోధపడలేదు. అందుచేత ఇటలీ శిల్పులు రోము నగరపు శిథిలములకు పోయి, అచ్చటి స్తంభములను కొలిచి, పటములు గీచి, గ్రంథముతో సరిచూచిరి.

1537లో సెర్లియో తన పుస్తకమున టస్కన్, డోరిక్, అయోనిక్, కొరింథియన్, కాంపోజిట్ అను ఐదు జాతుల స్తంభములను ఒకే పటమున వరుసగా నిలిపెను. 1562లో విన్యోలా వానికి సులభమైన లెక్క గట్టెను. మొత్తము ఎత్తును 19 భాగములు చేసి, అడుగు పీఠమునకు 4, స్తంభమునకు 12, పైని దూలముల వరుసకు 3 భాగములు ఇచ్చెను. అడుగున గల వ్యాసమునకు టస్కన్ స్తంభము 7 రెట్లు, డోరిక్ 8, అయోనిక్ 9, తక్కిన రెండును 10 రెట్లు ఎత్తుండవలెను. అడుగుకొలత ఊరూరికి మారుచుండిన ఆ కాలమున, రెట్లలో చెప్పిన ఈ లెక్క ఏ యూరి మేస్త్రికైనను పనికివచ్చెను.

ఇక మన సంగతి. మానసారము, మయమతము మొదలగునవి మన శిల్పశాస్త్రములు. మానసారమున నాలుగు పలకల స్తంభము బ్రహ్మకాంతము. ఐదు పలకలది శివకాంతము. ఆరు పలకలది స్కందకాంతము. ఎనిమిది పలకలది విష్ణుకాంతము. పదునారు పలకలది లేక గుండ్రనిది రుద్రకాంతము. అయితే శ్లోకము చదివిన పండితునకు రాతిపని తెలియదు. రాయి చెక్కు శిల్పికి శ్లోకము తెలియదు. ఈ రెంటిని కలుపుటకు పూనినవారు తంజావూరున జన్మించి, బెంగుళూరున న్యాయాధిపతిగా నుండిన రామరాజుగారు. ఇంగ్లీషు పుస్తకములలో వారి పేరు రామ్‌రాజ్ అని యుండును. వారు వ్రాతప్రతులను సేకరించి, తంజావూరి శిల్పి సహాయమున అర్థము తెలిసికొని, ఇంగ్లీషున గ్రంథము వ్రాసిరి. వారి మరణానంతరము 1834లో లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీవారు దానిని 48 పటములతో ప్రకటించిరి.

అందులో రామరాజుగారు మన స్తంభములను గ్రీకు, రోమను జాతులతో పోల్చిరి. 7 వ్యాసముల యెత్తు గలది టస్కన్‌తోను, 8 గలది డోరిక్‌తోను, 9 గలది అయోనిక్‌తోను, 10 గలది కొరింథియన్‌తోను పోలునని చూపిరి. మన శాస్త్రములోని మరియొక సూత్రమును గూడ తెలిపిరి. స్తంభము ఎన్ని వ్యాసముల యెత్తో, అడుగు వ్యాసమును అన్ని భాగములు చేసి, పైకొనయందు ఒక భాగము తగ్గింపవలెను. ఒక అడుగు వ్యాసము, 8 అడుగుల యెత్తు గల స్తంభము పైకొన పదిన్నర అంగుళము లుండును. ఎత్తు పెరిగినకొలది తగ్గింపు స్వల్పమగును. ఏలయన, ఎత్తైన స్తంభము పైకొన దూరమువలననే కంటికి సన్నముగా గన్పట్టును. విట్రూవియస్ చెప్పినదియు ఇట్టిదే.

మీరును పరీక్షింపవచ్చును. గుండ్రని స్తంభము అడుగున దారము చుట్టి, ఆ కొలతను 7చే హెచ్చవేసి 22చే భాగించినచో వ్యాసము వచ్చును. స్తంభపు ఎత్తులో అది ఎన్నిమారులు ఇమిడినదో చూచి, పటము గీయుడు.

రాజపాళయమున మనము ఇంట తెలుగు మాటాడుచున్నాము. కాని మాట నాలుకపై నున్నంత మాత్రమున దాని వెనుకనున్న విద్య నిలువదు. విట్రూవియస్ గ్రంథమే అందులకు సాక్షి. కావున మీ తాతగారిని, మీ వీధి వడ్రంగిని అడిగి, పాతయింటి స్తంభమునందును తలుపునందును గల ప్రతి భాగమునకు తెలుగు పేరేమో తెలిసికొనుడు. పటము గీచి, పేరు దాని ప్రక్కనే వ్రాయుడు. చెప్పగలవారు ఉన్నపుడే అడుగవలెను.