నీలి ఆకుల సైకాడ్: తోటలో పెంపకం

దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్‌లోని పొదల నేలల్లో సహజంగా పెరిగే ఎన్‌సెఫలార్టస్ హారిడస్ ఆకులకు నీలి వన్నె నిచ్చేది పైనున్న మైనపు పూత. చేతితో రుద్దితే అది తొలగి అడుగున ఆకుపచ్చ కనబడుతుంది. నీడలో పెరిగిన ఆకుల్లో నీలి వన్నె తగ్గుతుంది. అందుచేత పూర్తి ఎండ తగిలే ఎత్తు మడిలో, ముతక ఇసుక, గులకరాళ్లు కలిపి నాటాలి. నీరు నిలిస్తే వేరు కుళ్లు తప్పదు. మట్టి ఆరిన పిదపనే తడి ఇవ్వాలి. పగడపు వేళ్లలోని నీలి ఆకుపచ్చ నాచు నత్రజనిని స్థిరీకరిస్తుంది గనుక యూరియా అతిగా వేయనక్కరలేదు. ఆకుల ముళ్లు వాడియైనవి. నడిచే దారికి దూరం పాటించాలి.

పెరుగుదల మిక్కిలి నెమ్మది. పెద్ద మొక్క వెంటనే కావాలనే ఆత్రుతను ఆసరా చేసుకొని అడవి మొదళ్లను పెకలించి అమ్మడంవల్ల కూడా ఈ జాతి ప్రమాదంలో పడింది. ఈ ప్రజాతి యావత్తూ, మన శేషాచలం కొండల సైకస్ బెడ్డోమై వలెనే, సైటీస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉన్నది. చిన్నదైనా సరే, విత్తనంతో పెంచిన నర్సరీ మొక్కనే, అనుమతి పత్రాలు పరిశీలించి కొనాలి.