కొండ దిగిన గాలికి వేడెక్కడిది?

రీయూనియన్ దీవిని కారులో చుట్టి వచ్చిన పాఠకుడొకరు ఉత్తరం రాశారు. పొద్దున సెంత్ రోజ్ దగ్గర వైపర్లు ఆపే వీల్లేనంత వానట. అదే రోజు మధ్యాహ్నం పడమటి ఒడ్డున సెంట్ గిల్‌లో ఎండ మాడు పగలగొట్టిందట. ఇంత చిన్న దీవిలో ఇదెలా సాధ్యమని వారి ప్రశ్న. ఇలాంటి ప్రశ్న చేతికందాక వేరే విషయం రాయడం నా వల్ల కాదు.

రీయూనియన్ మడగాస్కర్‌కు తూర్పున, హిందూ మహాసముద్రంలో ఉన్న ఫ్రెంచి దీవి. వైశాల్యం 2,512 చదరపు కిలోమీటర్లు. నడిమధ్య 3,070 మీటర్ల పితోన్ దె నేజ్, ఆగ్నేయాన ఇప్పటికీ లావా కక్కుతున్న పితోన్ ద లా ఫుర్నేజ్. 1820ల చివర్లో యానాం రేవులో తెలుగు కూలీలను ఓడలెక్కించింది ఈ దీవికే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇక్కడ ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి. ఈ మాత్రం తెలిస్తే చాలు, అసలు కథలోకి వెళ్లిపోవచ్చు.

కారు టైరు వాల్వులో పిన్ను నొక్కి, బయటికొచ్చే గాలికి వేలు అడ్డం పెట్టి చూడండి. చల్లగా తగులుతుంది. లోపల కుక్కి ఉన్న గాలి వ్యాకోచించాలంటే చుట్టూ ఉన్న గాలిని తోసుకోవాలి. ఆ పనికి ఖర్చయ్యేది దాని సొంత వేడే. కొండవాలు ఎక్కే సముద్రపు గాలికీ ఇదే జరుగుతుంది. పైకి పోయేకొద్దీ పీడనం తగ్గుతుంది, గాలి వ్యాకోచిస్తుంది, ప్రతి 100 మీటర్లకు దాదాపు 1 డిగ్రీ చొప్పున చల్లబడుతుంది. చల్లని కొండ తగిలి మేఘం కురుస్తుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ఆ మాట తప్పు. కొండ చేసేదల్లా గాలిని పైకి నెట్టడమే.

ఇక్కడ పొరబడినవారిలో మహానుభావులున్నారు. కరిగిన శిల లోతుల్లోంచి పైకి తోసుకొస్తుందని గ్రహించిన భూవిజ్ఞాన పితామహుడు జేమ్స్ హటన్, 1784లో ఎడిన్‌బరోలో వాన గురించి ఒక సిద్ధాంతం వినిపించాడు. వెచ్చని తడిగాలి, చల్లని తడిగాలి కలిస్తే వాన పుడుతుందన్నాడు. అలా కలిస్తే పొగమంచు రావచ్చు గానీ కుండపోత రాదు. అగ్నిపర్వతపు రాయిని అంత బాగా చదివిన మనిషికి దాని మీద పడే వాన అంతుపట్టలేదు! ఆ వ్యాసం అచ్చయిన 1788లోనే, చార్లెస్ డార్విన్ తాత ఎరాస్మస్ డార్విన్ గాలితుపాకీలోంచి వదిలిన గాలిని థర్మామీటరు మీదికి పంపి, వ్యాకోచమే చలికి కారణమని చూపించాడు. కొండల మీది చలికీ మేఘాలకీ మూలం అదేనన్నాడు. దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఇది నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క. తూర్పు ఒడ్డున గాలి 25 డిగ్రీలు ఉందనుకుందాం. 700 మీటర్లు ఎక్కేసరికి 18కి దిగుతుంది, మేఘం కడుతుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు దాచుకున్న గుప్తోష్ణాన్ని గాలికి తిరిగిస్తుంది కాబట్టి అక్కడి నుంచి చల్లబడే వేగం సగానికి పడిపోతుంది. 2,000 మీటర్ల దగ్గర 11.5 డిగ్రీలు. నీళ్లు తూర్పు వాలు మీదే కురిసిపోయాయి. ఇప్పుడా గాలి పడమటికి దిగుతుంది. పీడనం పెరిగి, ఈసారి 100 మీటర్లకు పూర్తి 1 డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. ఒడ్డు చేరేసరికి 31.5! వానగా పడిన నీరు వదిలి వెళ్లిన వేడి అది. నిజానికి గాలిలో కొంత దీవి పక్కల నుంచి తప్పుకుపోతుంది కాబట్టి అంకెలు ఇంత కచ్చితంగా రావు. పద్ధతి మాత్రం ఇదే. మన పాఠకుడి మాడు పగలగొట్టిన ఎండలో పొద్దుటి వాన వేడి కూడా ఉందన్నమాట.

మామూలు రోజుల్లో సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఒక వెచ్చని గాలి పొర మేఘాలను అక్కడే ఆపేస్తుంది. తుపాను వస్తే ఆ అడ్డు ఉండదు. 1966 జనవరి 7, 8 తేదీల్లో డెనీస్ తుపానులో ఫాక్ ఫాక్ వద్ద 24 గంటల్లో 1,825 మిల్లీమీటర్లు కురిసింది. హైదరాబాదుకు రెండేళ్లలో పడే వానకన్నా ఎక్కువ. 2007 ఫిబ్రవరిలో గమేడ్ తుపాను కొమర్సన్ బిలం దగ్గర 72 గంటల్లో 3,930 మిల్లీమీటర్లు కుమ్మరించింది. రెండూ ప్రపంచ రికార్డులే. వాన అనగానే చిరపుంజి అనే మనం 48 గంటల రికార్డు దగ్గర ఇప్పటికీ ఆ మాట అనవచ్చు. 1995 జూన్‌లో అక్కడ 2,493 పడింది.

గమేడ్ వెళ్లిన కొద్ది వారాలకే, ఏప్రిల్‌లో, ఫుర్నేజ్ లావా సెంత్ రోజ్, సెంట్ ఫిలిప్ మధ్య రోడ్డును కప్పేసింది. మళ్లీ వేసిన రోడ్డు ఆ నల్లరాతి మీదుగానే పోతుంది. తరువాత కూడా వాన పడ్డప్పుడల్లా పగుళ్లలోంచి ఆవిరి లేచేది, నీరు లోపలి వేడిని తాకి. అంత వాన పడే చోట, కొత్త లావా మీద వాగులు నిలవవు. నీరంతా బొరియల్లోకి ఇంకిపోతుంది.

ఇదంతా ఎందుకు పనికొస్తుందని ప్రతిసారీ అడుగుతారు. ఆ ప్రశ్న ముందే అడిగి ఉంటే హటన్ వానను తలెత్తి చూసేవాడే కాదని నా అభిప్రాయం. అయినా చెబుతాను. కొండ వానను తూర్పున ఆపేస్తే, రీయూనియన్ వాళ్లు ఆ కొండల కడుపులోంచే సొరంగాలు తవ్వారు. సలాజీ, మఫాత్ లోయల నీరు వాటి గుండా పడమటి చెరకు తోటలకు పారుతోంది.