ఖాళీ గడి వెనకాల ఫొటో: అపోహలు – వాస్తవాలు

పొన్నూరు చుట్టుపక్కల నేలలో బయటపడ్డ వస్తువులను చూడాలంటే పొన్నూరు వాళ్లు చాలా దూరం వెళ్లాలి. భట్టిప్రోలు దిబ్బలో 1892లో అలెగ్జాండర్ రే వెలికితీసిన ధాతు పేటికలు చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉన్నాయి. అమరావతి మహాచైత్యం పలకలు కొన్ని చెన్నైలో, కొన్ని కోల్‌కతాలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో. నిడుబ్రోలు స్టేషను నుంచి చెన్నైకి రైల్లో పోవచ్చు. లండన్ ఎంతమందికి కుదురుతుంది? మనలో చాలామందికి ఆన్‌లైన్ కేటలాగులో కనిపించే ఫొటోయే మ్యూజియం. వివరాలన్నీ ఉండి, ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ గడి ఎదురైతే మనసు చివుక్కుమంటుంది. ఆ ఖాళీ గడి గురించి మ్యూజియంలో పనిచేసేవారిలోనూ, చూసేవారిలోనూ కొన్ని తప్పుడు నమ్మకాలున్నాయి.

అపోహ: బొమ్మ కనిపించలేదంటే ఫొటో పోయినట్టే.

సాధారణంగా డేటాబేస్‌లో ఫొటో ఉండదు. ఏ డ్రైవు, ఏ ఫోల్డరు, ఏ ఫైలు అన్న ఒక్క వరుస మాత్రమే ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చి, రైతు చేతిలోని బాండు మీద పాత గది నంబరే వదిలేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. సరుకు భద్రంగానే ఉంది, చిరునామా తప్పింది. సర్వరు మార్చినా, ఫోల్డరు పేరు దిద్దినా, స్కాన్ చేసిన ఉద్యోగి తన డెస్క్‌టాప్ మీది ఫైలునే చిరునామాగా ఇచ్చి బదిలీ మీద వెళ్లిపోయినా ఫొటో ఉంటుంది, లింకు తెగుతుంది.

కొన్ని కారణాలు కంటికి ఆనవు. 1880లో లండన్‌లోనే ఉన్న ఇండియా మ్యూజియం నుంచి వచ్చిన అమరావతి పలకలకు బ్రిటిష్ మ్యూజియం 1880,0709.79 వంటి నంబర్లిచ్చింది. ఇలాంటి నంబరునే ఫైలు పేరుగా పెడితే, చుక్క తర్వాతి అంకెలను ఫైలు రకంగా పొరబడే ప్రోగ్రాములున్నాయి. మన మ్యూజియాల్లో నంబరుకూ సంవత్సరానికీ మధ్య ఏటవాలు గీత పెట్టే అలవాటుంది. ఫైలు పేరులో ఆ గీత చెల్లదు కాబట్టి ఒకరు అడ్డగీత పెడతారు, మరొకరు ఖాళీ వదులుతారు. విండోస్‌లో ఇంగ్లిష్ పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ పట్టింపు ఉండదు, లినక్స్ సర్వరులో ఉంటుంది. అందుకే ఆఫీసు కంప్యూటర్లో చక్కగా తెరుచుకున్న బొమ్మ వెబ్‌సైటుకు ఎక్కగానే మాయమవుతుంది.

తెలుగులో పేర్లు పెట్టేవారికి ఇంకో చిక్కుంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ దాచవచ్చు, రెండు గుర్తులుగా విడదీసీ దాచవచ్చు. పాత ఆపిల్ కంప్యూటర్లు ఫైలు పేర్లను విడదీసే దాచేవి. ‘చైత్యం’ అన్న పేరుతో రెండు ఫైళ్లు పక్కపక్కన పెడితే మన కంటికి తేడా తెలియదు, కంప్యూటరుకు మాత్రం అవి వేర్వేరు పేర్లు. తెలుగులో పేర్లు పెట్టడం మానేయాలని నేననను. పోల్చే ముందు రెండు జాబితాలనూ ఒకే రూపానికి తెస్తే చాలు.

అపోహ: లింకు తెగితే సాఫ్ట్‌వేరే చెబుతుంది.

తనంతట తాను చెప్పేవి తక్కువ. దానికి ఆ చిరునామా వట్టి అక్షరాల వరుస. వెతకాల్సింది మనమే. పని కష్టమైనది కాదు, ఓపిక కావాలి. డేటాబేస్ నుంచి వస్తువు నంబరు, బొమ్మ చిరునామా ఉన్న జాబితా ఒకటి తీయాలి. డిస్కులో నిజంగా ఉన్న ఫైళ్ల జాబితా మరొకటి తీయాలి. రెండింటినీ పోల్చాలి. ఇక్కడ ఎక్సెల్‌తో జాగ్రత్త: దాని లుకప్ ఫార్ములాలు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడవు. సర్వరులో తెగిన లింకు కూడా ఎక్సెల్‌లో సరిపోయినట్టే కనిపిస్తుంది.

పోలిక రెండు వైపుల నుంచీ జరగాలి. ఫైలు లేని చిరునామాలు ఒక కుప్ప, ఏ చిరునామాకూ చెందని ఫైళ్లు రెండో కుప్ప. చాలామంది మొదటిదాంతో ఆగిపోతారు. అసలు జవాబు రెండోదాంట్లో దొరుకుతుంది. అక్కడ తప్పిపోయిన బొమ్మే తరచు ఇక్కడ దిక్కులేకుండా పడి ఉంటుంది.

అపోహ: లింకు తెరుచుకుంటే అంతా సవ్యమే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదేనని నా అభిప్రాయం. బొమ్మ లేనప్పుడు సర్వరు 404 అని చెప్పాలి. కొన్ని సైట్లు దాని బదులు ‘చిత్రం లభ్యం కాదు’ అన్న బూడిదరంగు పలకను పంపి, పని సవ్యంగా జరిగినట్టు 200 అంటాయి. లింకులు పరీక్షించే ప్రోగ్రాము ఆ మాట నమ్మేస్తుంది. అందుకే వచ్చిన ఫైలు పరిమాణం కూడా చూడాలి. వందల రికార్డులకు సరిగ్గా ఒకే పరిమాణం వస్తే అది ఆ బూడిద పలకే. సున్నా బైట్ల ఫైళ్లు, కాపీ మధ్యలో ఆగి సగమే వచ్చిన ఫొటోలు కూడా ఇలాగే తప్పించుకుంటాయి.

ఇంతకంటే లోతైనది, ఒక శిల్పం పేరు కింద మరో శిల్పం బొమ్మ తెరుచుకోవడం. అమరావతి పలకలకు ఈ ముప్పు ఎక్కువ. ఒకే రాయికి మ్యూజియం రిజిస్టరు నంబరు ఒకటి, డగ్లస్ బారెట్ 1954 కేటలాగులో ఒకటి, రాబర్ట్ నాక్స్ 1992 కేటలాగులో మరొకటి ఉండవచ్చు. ఎవరో బారెట్ నంబరుతో పేరు పెట్టిన ఫొటోను ఇంకెవరో నాక్స్ నంబరనుకుని తగిలిస్తే ఏ యంత్రమూ పట్టుకోలేదు. శిల్పం తెలిసిన మనిషి కొన్ని రికార్డులనైనా అక్కడక్కడా తెరిచి కళ్లారా చూడాల్సిందే.

అపోహ: తెగిన లింకులను తీసేస్తే డేటాబేస్ శుభ్రపడుతుంది.

అలా చెయ్యకండి. పనిచేయని చిరునామాలో కూడా ఫొటో తీసిన ఏడు, నెగటివ్ నంబరు, పాత ఫోల్డరు పేరు మిగిలి ఉండవచ్చు. బొమ్మను వెతికి పట్టుకునే ఆధారం అదే. ‘తెగింది’ అని ఒక గుర్తు, చూసిన తేదీ చేర్చి అలాగే ఉంచాలి.

అపోహ: రాయి ఉంటే చాలు, ఫొటోదేముంది?

ప్రకాశం జిల్లా దొనకొండ మండలం చందవరం సంగతి ఈ మాటకు జవాబు. అక్కడి బౌద్ధ క్షేత్రం నుంచి దొంగలెత్తుకుపోయిన సున్నపురాయి శిల్పం, బుద్ధుణ్ణి కొలిచే భక్తులది, 2005లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. గ్యాలరీ దాన్ని 5,95,000 అమెరికన్ డాలర్లకు కొన్నది. అది చందవరంలో ఉన్నప్పుడు తీసిన ఫొటో వెలుగులోకి వచ్చాక గ్యాలరీ అది మనదేనని ఒప్పుకుంది, 2016లో భారత్‌కు అప్పగించింది. మన రాయిని మనకు తెచ్చిపెట్టిన సాక్ష్యాల్లో ఫొటో ముఖ్యమైనది. ఆ ఫొటో ఎక్కడో ఒక కంప్యూటర్లో పేరు తప్పి, ఎవరికీ దొరక్కుండా పడి ఉంటే?

అసలు రాయే మిగలని సందర్భాలూ ఉన్నాయి. 1816లో కాలిన్ మెకంజీ అమరావతికి తిరిగి వచ్చి తన బృందంతో గీయించిన పలకల్లో కొన్ని ఆ తర్వాత కనబడకుండా పోయాయి. వాటికి ఆ బొమ్మలే మిగిలాయి. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 2023 అక్టోబరులో ఆ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగితే వెబ్‌సైటు మొత్తం మూగబోయింది. కేటలాగులో కొంత భాగం 2024 జనవరిలోగానీ తిరిగి రాలేదు. కాగితం మీది బొమ్మలు చెక్కుచెదరకపోయినా, వాటి దగ్గరికి వెళ్లే దారి మూసుకుపోయింది. అంత పెద్ద సంస్థకే తప్పనిది చిన్న మ్యూజియాలకు తప్పుతుందనుకోలేం.

చిన్న మ్యూజియం చేయగలిగింది చాలానే ఉంది. చిరునామాలో డ్రైవు పేరు లేకుండా, ఫోల్డరు నుంచి మాత్రమే రాసుకుంటే సర్వరు మారినప్పుడు ఒక్క చోట దిద్దితే సరిపోతుంది. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి కట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కించి ఉంచితే లోపల పాడైనదేదో, పేరు మారినా అదే బొమ్మ ఏదో తెలుస్తుంది. పోలిక నెలకొకసారి జరపాలి. తెగిన లింకుల జాబితా చేతికొచ్చినప్పుడు గ్యాలరీలోని పేరున్న శిల్పాలతో మొదలుపెట్టవద్దు, వాటికి వేరే ఫొటోలు ఎన్నో ఉంటాయి. గోదాములో ఉన్న చిన్న ముక్కలను ముందు చూడండి. చాలావాటికి ఉన్నది ఆ ఒక్క ఫొటోయే.