షోయబుల్లా ఏం రాశాడు?

ధర్మసాగర్ బడుల్లో, హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 వచ్చిందంటే నిజాం మీద కొట్లాడినవాళ్ల పేర్లు వినిపిస్తాయి. వరంగల్ కోటలో జెండా ఎగరేసినందుకు ప్రాణం పోగొట్టుకున్న బత్తిని మొగిలయ్య, మన పక్కనే మడికొండలో పెరిగిన కాళోజీ. ఆ వరుసలో షోయబుల్లాఖాన్ పేరూ వస్తుంది. ఆ వెంటనే, నిజాం పాలనకు అండగా నిలిచిన రజాకార్లు ఆయన చేతులు నరికిన సంగతి చెప్పి ఊరుకుంటాం. ఆ చేతులు ఏం రాశాయో పిల్లలకు చెప్పం.

ఆయన మన పాత జిల్లా బిడ్డే. 1920 అక్టోబర్ 17న పుట్టిన సుబ్లేడు ఉన్న ఖమ్మం ప్రాంతం 1953 దాకా వరంగల్ జిల్లాలోదే. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసు ఉద్యోగి. ఉస్మానియాలో చదివిన కొడుకు సర్కారు కొలువు వైపు పోక పత్రికలో చేరాడు. ‘తేజ్’లో రాస్తే సర్కారు దాన్ని మూయించింది. మందుముల నరసింగరావు నడిపిన ‘రయ్యత్’లోకి వెళ్తే దానికీ అదే గతి పట్టింది. అప్పుడు ఇంట్లోని నగలమ్మి, బూర్గుల రామకృష్ణారావు అండతో ‘ఇమ్రోజ్’ పెట్టాడు. మొదటి సంచిక 1947 నవంబర్ 15న వచ్చింది.

ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక. ఆయన సాహసమంతా నాకు అక్కడే కనిపిస్తుంది. ఉర్దూ అప్పట్లో కచేరీల భాష, ఫర్మానాల భాష. రజాకార్లు తమ ప్రచారం చేసుకున్నదీ అందులోనే. ఆ పాఠకులకే, ఒక ముస్లిం సంపాదకుడు, హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలవాలని, ప్రజలకు జవాబు చెప్పే ప్రభుత్వం రావాలని రోజూ చెప్పాడు. ‘పగటి ప్రభుత్వం, రాత్రి ప్రభుత్వం’ అని ఒక సంపాదకీయానికి పేరు పెట్టాడు. సంస్థానం యూనియన్‌లో చేరాలని ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను 1948 ఆగస్టులో ధైర్యంగా అచ్చువేశాడు. రజాకార్లకు ఇదే మింగుడుపడలేదు. బయటివాడు తిడితే శత్రువని తోసెయ్యొచ్చు. ఈయన ఇంటివాడు.

తమకు ఎదురు రాసే చేతులను నరకాలని రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ సభలో బాహాటంగా అన్నాడు. కొద్ది రోజులకే, ఆగస్టు 21 అర్ధరాత్రి, పత్రిక పని ముగించుకుని బావమరిది ఇస్మాయిల్‌ఖాన్‌తో ఇంటికి నడిచి వెళ్తున్న షోయబుల్లాపై కాచిగూడ లింగంపల్లి చౌరస్తా దగ్గర దాడి జరిగింది. తుపాకీతో కాల్చి, చేతులు నరికారు. అడ్డం వచ్చిన ఇస్మాయిల్ చెయ్యీ తెగింది. తెల్లారేసరికి షోయబుల్లా లేడు. వయసు 27. ఆపైన నెల తిరగకుండానే నిజాం సైన్యం లొంగిపోయింది.

షోయబుల్లాను తలచుకుంటే నాకు ఇంకో సంపాదకుడు గుర్తొస్తాడు. అదే 1948లో పాలస్తీనాలోని అక్కా పట్టణం వదిలి శరణార్థిగా వెళ్లిన పన్నెండేళ్ల పిల్లవాడు ఘసాన్ కనఫానీ. పెద్దయ్యాక కథకుడయ్యాడు, ‘అల్ హదఫ్’ వారపత్రిక సంపాదకుడయ్యాడు. 1972 జులై 8న బీరూట్‌లో ఆయన కారులో బాంబు పేలింది. పక్కనున్న మేనకోడలు లమీస్ కూడా చనిపోయింది. ఇద్దరి దారీ ఒకటి కాదు. కనఫానీ సాయుధ పోరాటం చేసిన పాలస్తీనా సంస్థ పాపులర్ ఫ్రంట్‌కు అధికార ప్రతినిధి కూడా. షోయబుల్లా దగ్గర ఉన్నది పత్రిక ఒక్కటే. అయితే కనఫానీ కథల్ని ఇవాళ ఎన్నో భాషల్లో చదువుతున్నారు. షోయబుల్లా సంపాదకీయాలూ తెలుగులో మన బడి పిల్లల చేతికి రావాలి. ఉర్దూ చక్కగా చదవగల పెద్దలు కాజీపేటలో, హన్మకొండలో ఇంకా ఉన్నారు. ఆ పని వాళ్లుండగానే మొదలుపెట్టాలి.